మన పింట్ వేరు, వాళ్ల పింట్ వేరు: సీసా సైజుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వైజాగ్ పోర్టుకొచ్చే ఓడలకి సరుకులు వేసే షాపులో పనిచేస్తాను. బియ్యం నుంచి బ్లేడు దాకా ఓడ వాళ్లు ఏది లిస్టు రాసి పంపితే అది ప్యాక్ చేసి బెర్తు దాకా చేర్చాలి. ఆ లిస్టులు ఒక్కో ఓడవి ఒక్కో రకం, ఒకాయన లీటర్లు రాస్తాడు, ఒకాయన ఔన్సులు రాస్తాడు, ఇంకొకాయన ఉత్త 33 అని రాసి ఊరుకుంటాడు, అదేంటో మనమే కనుక్కోవాలి. వీడికి ఈ గోలంతా తెలుసని మా చుట్టాలూ, అమెరికా ఫ్లైట్ ఎక్కే పిల్లలూ, షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లూ అందరూ నన్నే అడుగుతారు, అవే డౌట్లు, మళ్లీ మళ్లీ. ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నా. మీకు కావల్సిన ప్రశ్న దగ్గరికి డైరెక్టుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## షాపులో సీసా చేతిలో పట్టుకున్నప్పుడు

కోక్ టిన్ను ఇక్కడ 300, అమెరికాలో 355 అంట, ఒకే కంపెనీ కదా ఎందుకిలా?

అమెరికా వాళ్లు టిన్నుని ఔన్సుల్లో మొదలెట్టారు, 12 ఔన్సులు పోస్తే మన లెక్కలో 355 ఎంఎల్ అవుతుంది, అంతే. యూరప్ వాళ్లు లీటరుని మూడు చేశారు కాబట్టి 330. ఆస్ట్రేలియాలో 375, అంటే 750లో సరిగ్గా సగం. మన దగ్గర ఇదివరకు లావుగా ఉండే 330 టిన్నులు బాగా దొరికేవి, ఇప్పుడు ఎక్కువగా సన్నగా పొడుగ్గా ఉండే 300 వస్తున్నాయి. పొడుగు చూసి ఎక్కువుందనుకుంటారు గానీ నడుము చూస్తే తెలుస్తుంది సంగతి. ఒక్క టిన్నులో తేడా పెద్దగా అనిపించదు, 24 టిన్నుల కేసు తీసుకోండి, మనది 7.2 లీటర్లు, అమెరికాది 8.52 లీటర్లు. అంటే ఒక్క కేసులోనే మన టిన్నులు నాలుగు ఎక్కువ వచ్చినట్టు.

లేబుల్ మీద 33 సీఎల్ అని ఉంది, అంత చిన్న సీసానా?

కాదు, సీఎల్ అంటే సెంటీలీటరు, ఒక సెంటీలీటరుకి పది ఎంఎల్. 33 సీఎల్ అంటే 330, 70 సీఎల్ అంటే 700, 75 సీఎల్ అంటే 750. యూరప్ సరుకు మీద ఎక్కువ కనపడుతుంది. పక్కన సున్నా పెట్టేసుకోండి.

ఔన్సు అంటే బంగారం తూచేది కదా, డ్రింకు మీద ఎందుకుంటుంది?

ఔన్సు అనే పేరు బరువుకీ ఉంది, ద్రవం కొలతకీ ఉంది, బంగారానికి మళ్లీ వేరే ఔన్సు, అది 31.1 గ్రాములు. మామూలు బరువు ఔన్సు 28.35 గ్రాములు. సీసా మీద ఉండేది ఫ్లూయిడ్ ఔన్సు, లేబుల్ మీద ఎఫ్ఎల్ అని ముందు ఉంటుంది చూడండి. అమెరికా ఫ్లూయిడ్ ఔన్సు 29.57 ఎంఎల్, ఇంగ్లాండ్‌ది 28.41 ఎంఎల్. నోటి లెక్కకి 30తో కొట్టేయండి, 12 ఔన్సులకి 360 వస్తుంది, అసలుది 355, షాపులో నిలబడి పోల్చుకోడానికి అది చాలు. బిల్లు రాసేటప్పుడు మాత్రం 29.57తోనే కొట్టండి, మా ఓనరు ఆ అయిదు ఎంఎల్ దగ్గరే పట్టుకుంటారు.

మన బార్లో పింట్ అంటే 330 సీసా ఇస్తారు, లండన్‌లో పింట్ అంటే ఇంత పెద్ద గ్లాసు ఇచ్చారు, ఎవరిది కరెక్టు?

పుట్టిల్లు ఇంగ్లాండ్ కాబట్టి అక్కడి 568 ఎంఎల్ అసలు పింట్ అనుకోవచ్చు, వాళ్ల ఔన్సులు ఇరవై. అమెరికా పింట్ వాళ్ల ఔన్సులు పదహారే, 473 ఎంఎల్. మన పింట్ అయితే ఉత్త పేరే, పెద్ద బీరు 650 కాబట్టి దానిలో సగం లాంటి 330 సీసాకి ఆ పేరు అతుక్కుపోయింది, ఏ లెక్కలోనూ అది పింట్ కాదు.

ఈ పేరు నన్ను కూడా ముంచింది. చేరిన కొత్తలో ఒక ఓడ నుంచి లిస్టొచ్చింది, పాలు 50 పింట్లు అని. నేను పింట్ అంటే అరలీటరే కదా అని 500 ఎంఎల్ పేకెట్లు 50 ఐస్ బాక్సులో పెట్టి పంపేశా. వంట చేసే ఆయన ఇంగ్లాండ్ లెక్కవాడు, పేకెట్టు తిప్పి చూసి, కాలుక్యులేటర్ నొక్కి నా మొహం ముందు పెట్టాడు. ఒక్కో దానికి 68 తక్కువ, 50కి 3.4 లీటర్లు తక్కువ. ఎండలో గేటు పాసు మళ్లీ రాయించుకుని ఇంకో ఏడు పేకెట్లు పట్టుకుని వెళ్లొచ్చా, ఆ ఆటో డబ్బులు నా జీతంలోంచే. అప్పట్నుంచి పింట్ అని కనపడితే ఎన్ని ఎంఎల్ అండీ అని అడగకుండా సరుకు కదపను.

గాలన్ అంటే 4 లీటర్లు అంటాడు ఒకడు, నాలుగున్నర అంటాడు ఇంకొకడు

ఇద్దరూ దగ్గర్లోనే ఉన్నారు. అమెరికా గాలన్ 3.785 లీటర్లు, ఇంగ్లాండ్ గాలన్ 4.546 లీటర్లు. ఇంగ్లాండ్‌లో ఒకప్పుడు వైనుకి ఒక గాలన్, బీరుకి ఒక గాలన్ ఉండేవి. 1707లో రాణి ఆన్ కాలంలో వైను గాలన్ని 231 ఘనపు అంగుళాలని ఖాయం చేశారు, అమెరికా వాళ్లు విడిపోయాక కూడా దాన్నే ఉంచేసుకున్నారు. ఇంగ్లాండ్ మాత్రం 1824లో పాతవన్నీ తీసేసి పది పౌన్ల నీళ్లు పట్టేదే గాలన్ అని కొత్తది పెట్టుకుంది. అందుకే ఒకే పేరు, రెండు కొలతలు. వాటర్ డిస్పెన్సర్ మీద బోర్లించే టిన్ను కూడా ఇంతే, మనది 20 లీటర్లు, అమెరికాలో అయిదు గాలన్లు, అంటే 18.9.

ఫుల్లు 750, హాఫు 375, మరి క్వార్టరు 187 ఉండాలి కదా, 180 ఏంటి?

మంచి ప్రశ్న, ఇది అడిగేవాళ్లంటే నాకు గౌరవం. నాలుగు క్వార్టర్లు కలిపితే 720 ఎంఎల్, ఫుల్లుకి 30 తక్కువ, అంటే సరిగ్గా ఒక స్మాల్ పెగ్గు తేడా. మన పెగ్గు 30, లార్జ్ 60, కాబట్టి 180 అంటే మూడు లార్జులు సరిగ్గా తెగుతాయి, నిప్ అనే 90 ఎంఎల్ చిన్న సీసా అంటే ఒకటిన్నర. లార్జుల్లో చూస్తే క్వార్టరే నిండు లెక్క, ఫుల్లే పన్నెండున్నర దగ్గర ఆగుతుంది. జపాన్ వాళ్లకి గో అని పాత కొలత ఉంది, సాకే పోసేదీ, బియ్యం కొలిచేదీ దాంతోనే, అది కూడా 180 ఎంఎల్లే, మన క్వార్టరుకీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, ఉత్తినే కలిసింది.

ఈ పెగ్గు కూడా ఊరుకో రకం. ఇంగ్లాండ్ బార్లో సింగిల్ అంటే 25 గానీ 35 గానీ, అమెరికాలో షాట్ అంటే మామూలుగా ఒకటిన్నర ఔన్సు, 44 ఎంఎల్.

మన సీసా మీద 42.8 శాతం అని ఎందుకుంటుంది, 43 అని వేసేయొచ్చుగా?

ఇది బ్రిటిష్ వాళ్లు వదిలేసి వెళ్లిన లెక్క. వాళ్ల పాత పద్ధతిలో 100 ప్రూఫ్ అంటే 57.15 శాతం ఆల్కహాల్. మందుగుండు పొడిని సారాలో తడిపి నిప్పు పెడితే, అప్పటికీ అంటుకుంటే స్ట్రాంగు, లేకపోతే నీళ్లు కలిపారు అని తేల్చేవాళ్లంట, ప్రూఫ్ అనే మాట ఆ రోజులది. మన సీసాలు 75 ప్రూఫ్, అంటే 57.15లో ముప్పాతిక, దాదాపు 42.8. కొన్ని లేబుళ్ల మీద 25 యూపీ అని కూడా ఉంటుంది, అది ఉత్తరప్రదేశ్ కాదండీ, అండర్ ప్రూఫ్, వందకి 25 తక్కువ అని.

అమెరికా ప్రూఫ్ వేరు, శాతానికి డబల్ అంతే. 80 ప్రూఫ్ అని రాసుంటే 40 శాతం. కాబట్టి వాళ్ల 80 కన్నా మన 75 ఘాటు ఎక్కువ. మా బావ 80 చూసి ఇది స్ట్రాంగురా అని మురిసిపోయి తెచ్చాడు, నేను లెక్క చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

అదే స్కాచ్ యూరప్‌లో 700, మన దగ్గర 750, మోసమా?

మోసం కాదు, రూలే అంత. యూరోపియన్ యూనియన్ రూలులో స్పిరిట్స్‌కి, అంటే విస్కీ, బ్రాందీ లాంటి ఘాటు మందుకి, ఒప్పుకున్న సైజుల్లో 700 ఉంది, 750 లేదు. వైనుకి మాత్రం 750 ఉంది. అమెరికాలో చాలాకాలం ఉల్టా, స్పిరిట్స్‌కి 750 కావాలి, 700 కుదరదు. 2020 డిసెంబరు చివర్లో రూలు మార్చి 700 కూడా ఒప్పుకున్నారు. కాబట్టి రేటు పోల్చేటప్పుడు సీసాకింత అని పోల్చకండి, 700ది ఎంతయితే దాన్ని ఏడుతో భాగించి, 750ది ఏడున్నరతో భాగించి అప్పుడు చూడండి.

సీసా పైన ఖాళీ వదిలేస్తారు, ఆ ఖాళీ కూడా 750లోనే కలుపుతారా?

లేదు. రాసినంత ద్రవం లోపల ఉండాలి, ఖాళీ దాని పైన అదనం. ఎండకి ద్రవం వ్యాకోచిస్తుంది, గ్యాసు డ్రింకయితే ఇంకా చోటు కావాలి, మూతి దాకా నింపితే మన ఏప్రిల్ ఎండలో లారీలోనే పగులుతాయి.

## పెట్టె సర్దుకునేటప్పుడు

200 ఎంఎల్ సీసాలో సగమే ఉంది, హ్యాండ్ బ్యాగులో పెట్టొచ్చా?

ఇంటర్నేషనల్ ఫ్లైటుకి మామూలు రూలు 100 ఎంఎల్, అది లోపల ఉన్నదానికి కాదు, సీసా సైజుకి. అడుగున ఒక్క చుక్క ఉన్నా 200 సీసా అంటే 200 కిందే లెక్క, తీసి పక్కన పడేస్తారు. అమెరికాలో దీన్నే 3.4 ఔన్సులు అని రాస్తారు, రెండూ ఒకటే. పసిపిల్లల పాలకీ మందులకీ సడలింపు ఉంటుంది, అడిగితే చూపించాలి. ఇంకోటి, నూనె తేలే ఆవకాయని కూడా చాలాచోట్ల లిక్విడ్ కిందే చూస్తారు, అది ఘనపదార్థమండీ అని వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. చెకిన్‌లో వేసేయండి.

డ్యూటీ ఫ్రీలో ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

ఇండియాకొచ్చేటప్పుడు ఫ్రీగా ఒప్పుకునేది మనిషికి 2 లీటర్లు. సీసాల లెక్క కాదు, లీటర్ల లెక్క, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. 750 సీసాలు రెండు తెస్తే 1.5 లీటర్లు, మూడోది పెడితే 2.25, దాటిపోయింది. డ్యూటీ ఫ్రీ షాపుల్లో లీటరు సీసాలు ఎక్కువ పెట్టేది కూడా అందుకే అనిపిస్తుంది, రెండు లీటరు సీసాలు తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది. దారిలో ఫ్లైటు మారేవాళ్లయితే షాపు వాళ్లు సీలు వేసిచ్చిన కవరు ఇంటికొచ్చేదాకా విప్పకండి, బిల్లు అందులోనే ఉండనివ్వండి.

చెకిన్ లగేజీలో మందు సీసాలు పెడితే ఏమన్నా అంటారా?

24 శాతం నుంచి 70 శాతం దాకా ఉన్నదయితే మనిషికి 5 లీటర్ల దాకా విమానం వాళ్ల రూలు ఒప్పుకుంటుంది, 70 దాటినవి అస్సలు కుదరదు, మంటంటుకునే సరుకు కింద చూస్తారు. ఇది విమానం రూలు, కస్టమ్స్ రూలు వేరు, రెండిటినీ కలిపేసి నాకు అయిదు లీటర్లు ఫ్రీ అనుకోకండి.

## అక్కడ దిగాక

అమెరికాలో కూల్ డ్రింకు లీటర్లలో ఉంది, పాలు గాలన్లలో ఉన్నాయి, వీళ్లకేమన్నా తేడానా?

1975లో మెట్రిక్‌కి మారదామని చట్టం చేశారు గానీ ఇష్టమున్నోళ్లు మారండి అన్నారు, ఇష్టమున్నోళ్లు అంటే ఎవరు మారతారు చెప్పండి. కూల్ డ్రింకు కంపెనీలు రెండు లీటర్ల సీసా అంతకుముందే మొదలెట్టేశాయి, అది నిలబడిపోయింది. వైనుకి 1979 నుంచి, విస్కీ లాంటి స్పిరిట్స్‌కి 1980 నుంచి ప్రభుత్వమే మెట్రిక్ సైజులు తప్పనిసరి చేసింది. పాలూ బీరూ మాత్రం పాతవాటిలోనే ఉండిపోయాయి. అందుకని ఒకే బండిలో రెండు లీటర్ల పెప్సీ, ఒక గాలన్ పాలు, 12 ఔన్సుల బీరు తోసుకుంటూ వెళ్తారు, ఎవరికీ వింతగా ఉండదు. గాలన్ పాలంటే మన అరలీటరు పేకెట్లు ఏడున్నర, ఇద్దరే ఉంటే హాఫ్ గాలన్ తెచ్చుకోండి, లేకపోతే రోజూ పెరుగన్నమే.

16.9 ఔన్సులు అని వాటర్ బాటిల్ మీద ఉంది, ఇదేం నంబరు?

అది మన అరలీటరే. 500 ఎంఎల్‌ని ఔన్సుల్లోకి మారిస్తే 16.9 వస్తుంది. లీటరు 33.8, రెండు లీటర్లు 67.6. నంబరు వంకరగా ఉంటే అసలు సీసా మెట్రిక్‌ది అని గుర్తు, నున్నగా 12, 20 అని ఉంటే అసలు ఔన్సులది. 20 ఔన్సుల కూల్ డ్రింకు మీద పక్కన 591 ఎంఎల్ అని ఉంటుంది చూడండి, ఇప్పుడు వంకర మన వైపుకొచ్చింది.

40 ఔన్సుల టంబ్లర్ కొంటున్నా, ఎన్ని నీళ్లు పడతాయి?

1.18 లీటర్లు. 32ది 946 ఎంఎల్, 24ది 710. రోజుకో గాలన్ తాగమని వీడియోలో చెప్పారు అంటే 3.8 లీటర్లు, టంబ్లరు మూడుసార్లకి పైనే నింపాలి. అంత తాగాలా వద్దా అనేది డాక్టర్ని అడగండి, నేను సరుకులు వేసేవాణ్ణి.

లండన్‌లో పాల డబ్బా మీద 2.27 లీటర్లు అని ఉంది, మిగతా 0.23 ఎవరు తాగారు?

ఎవరూ తాగలేదు, అది నాలుగు పింట్లు. రెండు పింట్లది 1.136 లీటర్లు. అక్కడ షాపు సరుకులు చాలావరకు మెట్రిక్కే గానీ పాలసీసాకీ బార్లో పోసే బీరుకీ పింట్ వదల్లేదు.

ఆస్ట్రేలియాలో ఊరు మారితే బీరు గ్లాసు మారిందన్నాడు మావాడు, తాగి చెప్పాడా?

తాగే చెప్పుంటాడు గానీ నిజమే. చాలాచోట్ల పింట్ 570, స్కూనర్ 425. సౌత్ ఆస్ట్రేలియాలో పింట్ అంటే ఆ 425 గ్లాసే ఇస్తారు, పెద్దది కావాలంటే ఇంపీరియల్ పింట్ అని అడగాలి.

## ఇంట్లో, వంటింట్లో

అమెరికా రెసిపీలో కప్పు అంటే మన టీ కప్పా?

కాదు. అమెరికా కప్పు దాదాపు 240 ఎంఎల్, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200, రైస్ కుక్కర్తో వచ్చే చిన్న కప్పు చాలావరకు 180. మన టీ కప్పుకి అసలు లెక్కే లేదు, పూర్ణా మార్కెట్ దగ్గర బడ్డీలో ఇచ్చేది రెండు గుక్కలు. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ కూడా 20 ఎంఎల్, మిగతా చోట్ల 15. కేకు చేసేవాళ్లు జాగ్రత్త, సాంబారుకి పర్లేదు.

చెల్లి అమెరికా నుంచి పిల్లాడి పాలడబ్బా తెచ్చింది, ఇక్కడి స్పూన్ వాడొచ్చా?

వద్దు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మా ఇంట్లోనే తృటిలో తప్పింది. మా చెల్లి పిల్లాణ్ణి తీసుకొచ్చినప్పుడు వాళ్ల డబ్బా స్పూను ప్రయాణంలో ఎక్కడో పోయింది. మా అమ్మ పక్కింటివాళ్ల దగ్గర ఇక్కడి డబ్బా స్పూను అడిగి తెచ్చి, 60 ఎంఎల్ నీళ్లకి ఒక్క స్పూను వేసి కలపబోతోంది, చెల్లి ఎప్పుడూ అలాగే కలిపేదని చూసింది కదా. నేను అక్కడే ఉండి రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూశా. అమెరికా డబ్బా మీద 2 ఔన్సులకి, అంటే సుమారు 60 ఎంఎల్‌కి ఒక స్పూను అని ఉంది. ఇక్కడి డబ్బా మీద 30 ఎంఎల్‌కి ఒక స్పూను. స్పూన్లే వేరు, అక్కడిది పెద్దది, ఇక్కడిది చిన్నది. అలా కలిపితే పాలు సగానికి పల్చన అయిపోతాయి, అదే ఆ పెద్ద స్పూనుతో ఇక్కడి లెక్క వేస్తే డబల్ చిక్కన, పసిగుడ్డుకి రెండూ మంచిది కాదు.

"ఏటిరా, పాలు కలపడానిక్కూడా నీ ఓడ లెక్కలేనా" అంది అమ్మ. చెల్లి మాత్రం "లేదమ్మా, అన్నయ్య చెప్పింది నిజం" అని వాళ్లాయనకి ఫోన్ చేసింది.

ఏ డబ్బాకి ఆ డబ్బా స్పూనే, ఆ డబ్బా మీద రాసిన నీళ్లే. స్పూను పోతే అంచనాగా వేయకండి, పిల్లల డాక్టర్ని అడగండి, లేదా కొత్త డబ్బా కొనండి. పాలసీసా మీద ఒక పక్క ఔన్సులు, ఒక పక్క ఎంఎల్ ఉంటాయి, ఇంట్లో అందరూ ఎంఎల్ పక్కే చూడాలని చెప్పేయండి.

పెద్ద సీసా ఎప్పుడూ చవకేనా?

ఎప్పుడూ కాదు. ఆఫర్లో ఉన్న రెండు చిన్నవి ఒక్కోసారి పెద్దదానికన్నా చవక పడతాయి. ఇప్పుడు మన దగ్గర ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే ఎంఎల్‌కి ఇంత అనో లీటరుకి ఇంత అనో చిన్న అక్షరాల్లో వేస్తున్నారు, దాన్ని యూనిట్ సేల్ ప్రైస్ అంటారు, కళ్లజోడు పెట్టుకుని అదొక్కటి చూస్తే చాలు. అమెరికాలో అయితే షెల్ఫు మీద అంటించిన చీటీలో ఉంటుంది, కాకపోతే ఒకదానికి ఔన్సుకింత అని, పక్కదానికి లీటరుకింత అని ఉంటే మళ్లీ మొదటికొస్తాం.

ఇవన్నీ సరే, మన సోల, తవ్వ ఎంత?

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అన్నీ డబల్ డబల్, గిద్ద నుంచి సోలకి మాత్రం మధ్యలో అరసోల. ఎంఎల్‌లో ఎంత అంటే ఊరిని బట్టి మారేది, ఒక సంతలో మానిక ఇంకో సంతలో మానిక కాదు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి మెల్లగా లీటర్లు కిలోలు దిగాయి గానీ ఇళ్లల్లో పాత గిన్నెలు అలాగే ఉన్నాయి. మా అమ్మమ్మ ఇత్తడి సోల మా అటక మీద ఉంది, ఒకరోజు కిందికి దించి నీళ్లు పోసి షాపులో ఉన్న కొలత జాడీలోకి వంచి చూశా, పావు లీటరుకి కాస్త తక్కువొచ్చింది. ఆవిడకి చెప్తే నవ్వింది. పాలాయన కొలిచేటప్పుడు బొటనవేలు సోల లోపలికి పెట్టేవాడంట, ఈవిడ పైన కొసరు పోయించుకోకుండా గిన్నె లోపలికి తీసేది కాదంట.